ఏడో పాఠానికి మూడు వందలు

త్రిపురసుందరికి పైసా వృథా అయితే ఒళ్ళు మండుతుంది. విజయవాడ పటమటలో ఆవిడ వస్తోందంటే చాలు, కూరగాయల బండివాళ్ళు కిలోకి అయిదు రూపాయలు ముందే పెంచి చెప్పేవాళ్ళు. ఆవిడ ఆ అయిదూ తగ్గించి, పైన కరివేపాకు కూడా వేయించుకుని, గెలిచిన మొహంతో ఇంటికి వచ్చేది. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అయినా బండివాళ్ళ లెక్క మాత్రం ఆవిడకి ఈనాటికీ తెలియదు. మనం చెప్పి ఆ సంతోషం పాడుచేయడం ఎందుకు?

అలాంటి మనిషి వంటింట్లో ఓ శ్రావణమాసం పొద్దున కుళాయి కారడం మొదలుపెట్టింది. ఎంత బిగించినా ఆగదు. గిన్నె పెట్టి కొలిస్తే గంటకి గ్లాసున్నర. ఆవిడ ప్రాణం విలవిల్లాడిపోయి ప్లంబర్ ఆమోసుకి ఫోన్ చేసింది.

ఆమోసుది కంకిపాడు. నలభై ఏళ్ళుంటాయి. మోటార్‌సైకిల్‌కి సామాన్ల సంచీ తగిలించుకుని పటమటలో అపార్టుమెంటులన్నీ తిరుగుతాడు. వచ్చాడు, నీళ్ళు కట్టేశాడు, పానాతో కుళాయి తల విప్పాడు, లోపల ఉన్న వేలెడంత ఇత్తడి ముక్క తీసి కొత్తది పెట్టి బిగించాడు. కారడం ఆగింది. త్రిపురసుందరి గోడ గడియారం వైపు చూసింది. నాలుగు నిమిషాలు.

“ఎంతయ్యా?”

“ముక్క ఖరీదు కాకుండా మూడొందలండి.”

“నాలుగు నిమిషాలకి మూడొందలా! అంటే గంటకి నాలుగు వేల అయిదొందలు. ముప్పై రెండేళ్ళు గొంతు చించుకున్నా నాకెవరూ ఇవ్వలేదు ఆ రేటు. రెండొందల యాభై తీసుకో.”

ఆమోసు బుర్ర గోక్కుని తీసుకున్నాడు. వెళ్ళబోతుంటే ఆవిడే ఆపింది. “ఇంతకీ ఆ ముక్కనేమంటారు?”

“స్పిండిలండి.”

“అది అరిగిపోయిందని నీకెలా తెలిసింది?”

ఆమోసు మొహం వెలిగిపోయింది. పదిహేనేళ్ళుగా ఇళ్ళల్లో తిరుగుతున్నాడు. ఎంత అని అడిగినవాళ్ళే గానీ ఎలా అని అడిగినవాళ్ళు లేరు. సంచీ కింద పెట్టి, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ, పాత స్పిండిల్ విప్పి చూపించి అంతా చెప్పాడు. ఆ తర్వాత ఏ పనికి వచ్చినా ఆవిడ ఓ ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చునేది. సింకు కింద గొట్టం, ఫ్లష్ ట్యాంకు, వాష్‌బేసిన్, గీజరు, టెర్రస్ మీద కృష్ణ నీళ్ళ లైను ఏది, బోరు లైను ఏది. మొదటి కుళాయితో కలిపి మొత్తం ఆరుసార్లు కూర్చుంది, ఆరు పనులు నేర్చుకుంది. కాఫీ ఇచ్చింది. ప్రతిసారీ యాభై తగ్గించింది.

ఏడోసారి ఆమోసుని పిలవలేదు. వన్ టౌన్ వెళ్ళి పానా, తెల్ల టేపు, డజను స్పిండిళ్ళు కొనుక్కొచ్చింది.

“సుందరీ, నాకు తెలీకుండా ఉద్యోగంలో చేరావా ఏంటి?” అన్నాడు భర్త జానకిరామయ్య పేపరు లోంచి తలెత్తి.

“మీ గీజరు నేనే బాగుచేశాను. ఛార్జీ ఇవ్వండి,” అంది ఆవిడ. ఆయన మళ్ళీ పేపరు లోకి వెళ్ళిపోయాడు.

నేర్చుకున్నది కడుపులో దాచుకునే అలవాటు టీచర్లకి ఉండదు. పక్క ఫ్లాటు రాగిణికి, ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే అమ్మాయికి, ముందు నేర్పింది. రాగిణి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రెండో ఆదివారానికల్లా టెర్రస్ మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు తలో పానా పట్టుకుని కూర్చున్నారు. కింద ఫ్లోరు సుబ్బరత్నానికి అరవై దాటాయి. కంకిపాడు దగ్గర పొలాలు చూసుకుని పెరిగిన చెయ్యి, మొదటి పాఠంలోనే స్పిండిల్ మూడు నిమిషాల్లో మార్చేసింది. త్రిపురసుందరికి కాస్త కుళ్ళు పుట్టిన మాట నిజం. పక్క బిల్డింగుల వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ఫీజు లేదు. “డబ్బు మిగలాలంటే ముందు చేతులు కదలాలి,” అని ఆవిడ ప్రతి క్లాసులో చెప్పేది. పెన్షన్ వచ్చిన రోజున కూడా అంత సంతోషంగా ఉండేది కాదు.

ఇదంతా ఇలా ఉండగా వేసవి మొదట్లో పడకగది గోడకి చెమ్మ వచ్చి రంగు పొక్కులు తేలింది. అవతల బాత్రూం. షవర్ గొట్టం గోడ లోపల ఎక్కడో కారుతోంది. గోడ లోపలి సంగతి ఆవిడకి తెలియదు. అయిదు నెలల తర్వాత మళ్ళీ ఆమోసుకి ఫోన్ చేసింది.

వచ్చాడు. ఎప్పటిలా నవ్వలేదు. కాఫీ వద్దన్నాడు. త్రిపురసుందరి స్టూలు తెచ్చుకునేలోగా, “కొంచెం బయటుంటారా టీచర్ గారూ,” అని బాత్రూం తలుపు వేసుకున్నాడు. లోపల గడియ కూడా పడింది. ఆవిడ స్టూలు చేత్తో పట్టుకుని, తన ఇంట్లో తన బాత్రూం బయట గంటన్నర నిలబడింది. కూర్చుందామన్న ఆలోచన కూడా రాలేదు.

ఆమోసు బయటికి వచ్చి ఎనిమిది వందలన్నాడు. ఆవిడ బేరమాడకుండా ఇచ్చేసింది.

“తలుపెందుకు వేశావు ఆమోసూ?”

“మీకు కోపం వద్దండి. కుళాయి పనులు పోయాయి, సింకు పనులు పోయాయి. నాకు మిగిలింది గోడలో పనొక్కటే. అది కూడా మీరు చూస్తే వచ్చే ఆదివారానికి టెర్రస్ మీదకి వెళ్ళిపోద్ది.” డబ్బు జేబులో పెట్టుకున్నాడు. “ఇక ఈ పని కూడా ఎన్నాళ్ళో లేదులెండి. ఒకటో తారీఖు నుంచి గన్నవరం వైపు ఓ కంపెనీలో సెక్యూరిటీగా చేరిపోతున్నా. పదమూడు వేలు జీతం. యూనిఫాం కూడా ఇచ్చేశారు.”

త్రిపురసుందరికి తల తీసేసినట్టయింది. ఆ రోజు ఇరవయ్యో తారీఖు. పదిహేనేళ్ళ విద్య పది రోజుల్లో సంచీలో పడి మూల చేరబోతోంది. అందుకు కారణం తనే. భోజనం దగ్గర ఆ మాటే భర్తతో అని కళ్ళు తుడుచుకుంది. జానకిరామయ్య ఈసారి వేళాకోళం చేయలేదు.

ఆదివారం టెర్రస్ మీద పానాలు బయటికి తీయించలేదు. “ఈ అయిదు నెలల్లో ఎవరికెంత మిగిలిందో చెప్పండి,” అంది. రాగిణి రెండు వేలంది. ఒకావిడ మూడు వేలంది. అందరూ గొప్పగా చెబుతున్నారు.

“ఇవి కుళాయి లోంచి రాలేదమ్మా. ఆమోసు జేబులోంచి వచ్చాయి,” అని జరిగింది చెప్పింది.

“అంటే నేర్చుకోవడం తప్పా మేడం?” అంది రాగిణి.

“తప్పు కాదు. అతనికి దారి చూపించకపోవడం తప్పు.”

అప్పుడు సుబ్బరత్నం గొంతు సవరించుకుంది. “మా ఊళ్ళో ఒకప్పుడు మేర ఇచ్చేవాళ్ళం. పనున్నా లేకపోయినా, పనిచేసే వాళ్ళకి ఏడాదికింతని కళ్ళంలోనే ధాన్యం కొలిచేవాళ్ళు. మనం కూడా ఇంటికింతని ఇద్దాం. అబ్బాయి ఇక్కడే ఉంటాడు.” అందరికీ నచ్చింది. త్రిపురసుందరికైతే గుండె మీద బరువు దిగిపోయినట్టు అనిపించింది. అప్పటికప్పుడు ఆమోసుని పిలిపించారు.

ఆమోసు నిలబడే అంతా విన్నాడు. “వద్దండి,” అన్నాడు.

“నేను మంచికే చెప్పానయ్యా,” అంది సుబ్బరత్నం నొచ్చుకుంటూ.

“తెలుసండి. అప్పుడూ మంచికే ఇచ్చారండి. మా తాత కళ్ళం పక్కన నిలబడేవాడంట, వాళ్ళు పోసేదాకా. చాటలో ఎంత పడితే అంత. మేరంటే ఇచ్చేవాళ్ళు ఇచ్చినంత. నాకు నేనడిగినంత కావాలండి.”

సుబ్బరత్నం తల దించుకుని, మెల్లగా, “నిజమేనయ్యా,” అంది. ఆవిడ చిన్నప్పుడు ఆ చాటతో ధాన్యం పోసింది వాళ్ళ నాన్నే.

“అయితే అడుగు,” అంది త్రిపురసుందరి.

ఆమోసు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. “మీ ఇష్టమండి,” అనేశాడు.

పదిహేనేళ్ళ అలవాటు, నోట్లోంచి జారిపోయింది. ముందు అతనికే నవ్వొచ్చింది. తర్వాత టెర్రస్ అంతా నవ్వింది.

“రేపు సాయంత్రం మా ఇంటికి రా. నీకు రాంది నాకొచ్చు,” అంది త్రిపురసుందరి.

నాలుగు సాయంత్రాలు డైనింగ్ టేబుల్ దగ్గర క్లాసు జరిగింది. ఈసారి స్టూలు మీద ఆమోసు. కంకిపాడు నుంచి రావడం, పోవడం, మధ్యలో సామాన్ల షాపు, పెట్రోలు, అరిగిపోయే పానాలు, పని దొరకని రోజులు, అన్నీ రాయించింది. రాయిస్తూ రాయిస్తూ మధ్యలో ఆగిపోయింది. తను నాలుగు నిమిషాలన్న పనికి అతనికి రెండు గంటలు పడుతోంది. తను తగ్గించిన యాభై పోను, పెట్రోలు పోను, గంటకి వంద. లెక్కల టీచరు లెక్క తప్పింది. నాలుగు వేల అయిదు వందలకి, వందకి మధ్య తేడా ఎంతో చెప్పమని ఏ పిల్లాడినీ అడగలేదావిడ.

“నువ్వు అమ్ముతున్నదేంటి ఆమోసూ?” అని అడిగింది మూడో రోజు.

“స్పిండిళ్ళు మార్చడమండి.”

“అది సుబ్బరత్నం కూడా మారుస్తోంది. నీకొక్కడికే తెలిసిందేంటి?”

అతను చాలాసేపు ఆలోచించాడు. “కారాక ఎవరైనా చూస్తారండి. కారకముందు నేను చూస్తా.”

“రాసుకో,” అంది ఆవిడ.

రాగిణి దాన్ని కంప్యూటర్లో కొట్టి చక్కటి కాగితంగా తీసింది. ప్రతి నెలా వచ్చి ఇంటింటి గొట్టాలు, మోటారు, ట్యాంకులు, వాల్వులు చూడటం. ఫ్లాటుకి నెలకి నూట యాభై. పగలగొట్టి చేసే పెద్ద పనులకి వేరే రేటు. ఆదివారం క్లాసు ఇక నుంచి ఆమోసే చెబుతాడు, మనిషికి వంద. “మనమే చేసుకుంటున్నాం కదా, మళ్ళీ నెలకింత ఎందుకు?” అని పై ఫ్లోరు వాళ్ళు గొణిగారు. త్రిపురసుందరి వాళ్ళని తన పడకగదిలోకి తీసుకెళ్ళి పొక్కులు లేచిన గోడ చూపించింది. దానికి రంగులవాడు చెప్పిన అంకె కూడా చెప్పింది. కిందికి దిగేటప్పుడు సంతకాలు పెట్టేసి దిగారు.

ఇరవై ఎనిమిదో తారీఖుకి రెండు బిల్డింగులు ఒప్పుకున్నాయి. ఇరవై తొమ్మిదిన మూడోది. ముప్పై సాయంత్రం దాకా నాలుగో బిల్డింగు సెక్రటరీ ఫోను ఎత్తలేదు. త్రిపురసుందరి స్వయంగా వెళ్ళి, ఆయన వాకింగ్ నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంది. రాగానే పట్టుకుని సంతకం పెట్టించింది. మొత్తం తొంభై ఫ్లాట్లు. పదమూడు వేల అయిదు వందలని మెట్లు దిగుతుండగానే మనసులో తేలింది. దారి పొడుగునా ఆవిడ నవ్వుతూనే నడిచింది.

ఒకటో తారీఖు పొద్దున ఆమోసు వచ్చాడు. యూనిఫాం తిరిగి ఇచ్చేశాడట. టోపీ ఎండకి బాగుంటుంది, ఉంచుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదట. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు.

“మొదటి బిల్లు మీకేనండి. పనికి డబ్బు అడగాలని మీరే చెప్పారుగా.”

త్రిపురసుందరి కళ్ళజోడు పెట్టుకుంది. గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: ‘టీచర్ గారికి పని నేర్పినందుకు, ఆరు పాఠాలు, పాఠం ఒక్కింటికి రెండు వందల యాభై, మొత్తం పదిహేను వందలు.’

వెనక నుంచి తొంగి చూసిన జానకిరామయ్య ఊపిరి బిగబట్టాడు. కరివేపాకు దగ్గర కూడా వదలని మనిషికి ఇంత బిల్లా అని. ఆవిడ లోపలికి వెళ్ళింది. స్కూలు రోజుల నాటి ఎర్ర పెన్ను వెతికి తెచ్చింది. రెండు వందల యాభై కొట్టేసి మూడు వందలు వేసింది. పదిహేను వందలు కొట్టేసి పద్దెనిమిది వందలు వేసింది. పక్కన పొట్టి సంతకం చేసింది.

“బేరం ఇటు కాదండి, అటు ఆడాలి,” అన్నాడు ఆమోసు నవ్వుతూ.

“నువ్వు మొదటి రోజు అడిగింది మూడొందలే. ఆ తప్పు నాది,” అని డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

ఆమోసు నెలవారీ తనిఖీ మొదలుపెట్టాడు. వంటిల్లు చూశాడు, సింకు చూశాడు, సంచీ తీసుకుని బాత్రూంలోకి వెళ్ళాడు. త్రిపురసుందరి హాల్లోనే ఆగిపోయింది. లోపలి నుంచి అతని గొంతు వినిపించింది.

“టీచర్ గారూ, స్టూలు తెచ్చుకోండి. తలుపు తీసే ఉంది. గోడలో గొట్టం ఏడో పాఠం. మూడొందలండి.”