ఫారంలో రెండో పేరు

"ఒక గెలకి ఎన్ని కాయలుంటాయి?" అని హాల్లోంచి కేకేశాడు మా ఆయన.

నేను వెనక వాకిట్లో చాప మీద కూర్చుని మటోకే కాయలు వలుస్తున్నాను. పచ్చి అరటికాయ వలిచిన ఏ ఆడదానికైనా తెలుసు, చేతులకి ఎంత నూనె పట్టించినా బంక అంటక మానదు, గోళ్ళ సందుల్లో నలుపు వారం దాకా వదలదు. మామూలు గెలైతే నూటపది, పెద్దదైతే నూటయాభై అన్నాను. గంటకి ఒక మనిషి ఎన్ని వలుస్తుందన్నాడు. చేతిని బట్టి అన్నాను. "చేతిని బట్టి అని రాస్తే ఎవడొప్పుకుంటాడు, అంకె చెప్పు" అని విసుక్కున్నాడు. చెప్పాను. కంప్యూటర్ మీద టకటకా కొట్టుకున్నాడు. ఆ తరవాత చాలాసేపు నన్నేమీ అడగలేదు. అడక్కుండా ఏం రాసుకుంటున్నాడో అని ఒక్కసారి అనిపించింది గాని, పొయ్యి మీద పల్లీల పులుసు అడుగంటుతున్న వాసనొస్తే లేచి వెళ్ళిపోయాను.

ఆయన నింపుతున్న ఫారం నా వ్యాపారానిది. మా కంపాలాలో యాక్సిలరేటర్ అని ఒకటి పెట్టారు. చిన్న వ్యాపారాల వాళ్ళని మూడు నెలలు దగ్గర కూర్చోబెట్టుకుని, మెళకువలు నేర్పి, పెట్టుబడి ఇప్పించి పంపిస్తారు. ఏడాదికి పదిమందినే తీసుకుంటారు. నా దగ్గర కాయలు కొనే నర్సు ఒకావిడ ఆ ప్రకటన ఫోన్లో పంపి, దరఖాస్తు పెట్టకపోయావో నీతో మాట్లాడనంది. అసలు ఈ పని మొదలైందే ఆవిడ వల్ల. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపికుండట్లేదు, నాకూ ఓ గెల వలిచి పెడతావా అని నాలుగేళ్ళ కిందట అడిగింది. వలిచిన కాయ గంటలో నల్లబడుతుంది. నిమ్మకాయ పిండిన నీళ్ళలో వేసి, మంట మీద వాడ్చిన అరటాకులో గాలి చొరకుండా మూట కడితే మర్నాటి సాయంత్రం దాకా తెల్లగా ఉంటుందని కనిపెట్టడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నల్లబడ్డ కాయలన్నీ మా ఇంటిల్లిపాదీ తిన్నాం.

ఇప్పుడు నాతో తొమ్మిదిమంది ఆడవాళ్ళు వలుస్తారు. అందరికన్నా ముందు చేరిన కెవినా అయితే మాటల్లో పడిందంటే గంటలో పెద్ద గెల ఊడ్చేస్తుంది. పొద్దున్నే మూటలు బోడా మోటారుసైకిళ్ళ మీద అరవై ఇళ్ళకీ రెండు హోటళ్ళకీ వెళ్తాయి. కొనుక్కున్నవాళ్ళు పొయ్యి మీద పెట్టుకోవడమే. యాక్సిలరేటర్ వాళ్ళు తీసుకునే పదిమందిలో చోటు దొరికితే ఊరంతటికీ పంపచ్చు, తొమ్మిదిమందిని తొంభైమందిని చెయ్యచ్చు. నాకది కావాలి. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో నాకోసం నేను ఇంతగా కావాలనుకున్నది మరొకటి లేదు.

మా అత్తగారికి మాత్రం ఇదంతా పరువు తక్కువ పని. "వలిచిన కాయ కొనుక్కునే ఇల్లూ ఒక ఇల్లేనా? వాళ్ళని చెడగొడుతున్నది చాలక, చదువుకున్న నా కొడుకుని తొక్కలమ్మి మొగుణ్ణి చేశావు" అంది ఒకసారి, చుట్టాలందరి ముందూ. అప్పుడు ఆవిడ తింటున్నది నేను వలిచి, ఉడికించి, మెదిపి పెట్టిన మటోకేయే. మా ఆయన, ముకీబి, భూముల ఆఫీసులో గుమాస్తా. మొదటి ఏడు ఈ పనిని నా కాలక్షేపం అన్నాడు. రెండో ఏడు "నీ తొక్కల గోల" అన్నాడు. మూడో ఏడు నా మూటల డబ్బుతో ఇంటికి కొత్త రేకులు పడ్డాక, ఆఫీసులో వాళ్ళతో "మా వ్యాపారం" అనడం మొదలుపెట్టాడు. ఫారం సంగతి చెప్పగానే, "నీది చెయ్యి, నాది నోరు. ఎవరి పని వాళ్ళం చేద్దాం, జోవియా అమ్మా" అన్నాడు. జోవియా మా పెద్దది. అది పుట్టాక నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేదు.

పదిహేను రోజులకి పిలుపొచ్చింది, మా ఆయన ఫోన్‌కి. వచ్చి మీ పథకం చెప్పండి, నచ్చితే తీసుకుంటాం అని. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను కంప్యూటర్ తెరిచి ఫారం చదివాను. హైస్కూల్లో సీనియర్ ఫోర్ దాకా చదివినదాన్ని, నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆయన ఎదుట రానట్టు ఉండటం అలవాటైపోయింది, అంతే. స్థాపకుడు, ముఖ్య అధికారి అన్నచోట ముకీబి డెనిస్ అని ఉంది. దాని కింద రెండో పేరు: శ్రీమతి ముకీబి, వంటగది బాధ్యతలు. నా పేరు కూడా కాదు.

చదివి మూసేశాను. ఏమీ అనలేదు. ఎందుకనలేదే అని కెవినా తరవాత నన్ను చెడామడా తిట్టింది. ఏం చెప్పను? మాలో ఆడపిల్ల నడక నేర్చేటప్పుడే మోకాళ్ళూనడమూ నేర్చుకుంటుంది. పెద్దవాళ్ళని పలకరించాలన్నా, మొగుడికి టీ కప్పు అందించాలన్నా, అత్తగారు పిలిస్తే పలకాలన్నా మోకాళ్ళ మీదకి దిగాల్సిందే. దిగి దిగి, మాట కూడా అక్కడి నుంచే రావడం అలవాటవుతుంది, మెల్లగా, కిందచూపుతో, ఎదుటివాళ్ళకి నచ్చేదేదో చూసుకుని. మా ఆయన చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యి చేసుకోడు, జీతం ఇంట్లోనే ఇస్తాడు. ఆయన మంచివాడని నాకు నేను ఎన్ని వందలసార్లు చెప్పుకున్నానో. మంచివాడి పెళ్ళానికి అన్నిసార్లు చెప్పుకోవలసిన అవసరం ఎందుకొస్తుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఫారం చదివిన రోజు ఆలోచించాను. కడుపు మండిపోయింది. ఆ మంటతోనే ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను.

వారమంతా ఆయన అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాడు. గొంతు బాగుంటుంది ఆయనకి, అంకెలు గడగడా చెప్తుంటే నేనే ముచ్చటపడి వినేదాన్ని. నా పనల్లా మూట పట్టుకుని పక్కన నిలబడటం. "గోమెసి కట్టుకో, సంప్రదాయంగా కనిపిస్తే వాళ్ళకి నచ్చుతుంది" అన్నాడు. అన్నన్ని మడతలూ అంత వెడల్పు నడికట్టూ ఉన్న ఆ బట్ట కట్టుకుని, తెల్లారేసరికి పిల్లలకి జావ కాచి, ముగ్గురి యూనిఫారాలు వేసి, అరవై మూటలూ సాగనంపి, టాక్సీ వ్యానులో ఇరవైమంది మధ్య నలిగి ఆ హాలుకి చేరాను. దారి పొడుగునా ఆయన, "నువ్వు నోరు తెరవాల్సిన పనే లేదు, కంగారుపడకు" అని నాకు ధైర్యం చెప్తూనే ఉన్నాడు.

హాల్లో అంతా కుర్రాళ్ళు, టీషర్టులు, బూట్లు. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. అందులో ఒకాయన సెంకుంబా అనే ముసలాయన, తల ముగ్గుబుట్ట, కాఫీ గింజల వ్యాపారంలో జీవితం గడిపిన మనిషి. ఒకామె ఆచెంగ్, ఉత్తరాన లీరా నుంచి వచ్చినామె, నా వయసే ఉంటుంది. మూడో ఆయన ముందున్న కంప్యూటర్లోంచి తలెత్తలేదు. మాకన్నా ముందు నలుగురు మగవాళ్ళు చెప్పి వెళ్ళారు. తరవాత మమ్మల్ని పిలిచారు.

మా ఆయన బాగా చెప్పాడు, అబద్ధమెందుకు. చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు సెంకుంబా, "వలిచిన కాయ నల్లబడకుండా ఎలా ఆపుతున్నారు?" అని అడిగాడు.

"ఆధునిక పద్ధతిలో, సర్" అన్నాడు మా ఆయన.

"అంటే ఏ పద్ధతి?"

"శీతల గిడ్డంగి ఉంది, సర్. ఫారంలో రాశాను."

మా ఇంట్లో ఫ్రిజ్ కూడా లేదు. రేపు వీళ్ళు చూడ్డానికొస్తే వెనక వాకిట్లో కనిపించేది నాలుగు బకెట్లు, ఓ బుట్టెడు నిమ్మకాయలు. సెంకుంబా నా వైపు తిరిగి, ఇంగ్లీషు వదిలేసి మా లుగాండాలో అడిగాడు.

"నువ్వు చెప్పు తల్లీ. ఎలా ఆపుతున్నావు?"

అంత పెద్దాయన తల్లీ అని పిలిస్తే నా ఒళ్ళు నన్నడగలేదు. దబ్బున మోకాళ్ళ మీదకి దిగిపోయాను. అంత వెలుగులో, వేదిక నడిమధ్య, చేతిలో అరటాకు మూటతో. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఫోన్లు పైకి లేచాయి. "లే, పరువు తీస్తున్నావు" అని మా ఆయన పళ్ళ బిగువున గొణిగాడు. ఈ పదకొండేళ్ళలో ఆయనకి రోజూ రెండు పూటలా మోకాళ్ళ మీద టీ ఇచ్చాను. ఒక్కనాడూ లే అనలేదు. పదిమంది చూస్తే తప్ప అది పరువు తక్కువని ఆయనకి తెలియలేదన్నమాట. సిగ్గుతో వేడెక్కిన నా మొహంలోకి అప్పుడు ఇంకో రకం వేడి వచ్చింది.

లేద్దామంటే గోమెసి కాళ్ళకి చుట్టుకుంది. ఎవరో మైకు తెచ్చి నా నోటి దగ్గర పెట్టారు. సరే, ఇక్కడి నుంచే చెప్తాను అనుకున్నాను. మూట విప్పాను. నిన్న పొద్దున వలిచిన కాయలు, తెల్లగా ఉన్నాయి. నిమ్మకాయ చెప్పాను, ఎన్ని నీళ్ళకి ఎన్ని కాయలో చెప్పాను, ఆకు మరీ వాడిస్తే ఎందుకు చిరుగుతుందో, వానాకాలం మూట ఎందుకు రెండు పొరలు కట్టాలో, తొక్కలు ఏ పాలవాళ్ళు తీసుకెళ్తారో, కెవినా చేతికీ కొత్తగా చేరినామె చేతికీ తేడా ఎంతో, అన్నీ చెప్పాను. నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. మూడో ఆయన కంప్యూటర్ మూసేశాడు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఈ వ్యాపారం ఎవరిది?" అన్నాడు సెంకుంబా.

ఆ ప్రశ్నకి మాత్రం నిలబడి జవాబు చెప్పాలనిపించింది. నడికట్టు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి నేలకి ఆనించి లేచాను.

"నాదండీ. నా పేరు నాబ్బోసా ప్రోస్కోవియా. శీతల గిడ్డంగి లేదు, ఫారంలో ఆ మాట తప్పు. మిగతాదంతా నిజం."

తప్పు రాసినవాళ్ళకి చోటెందుకిస్తారు? నాలుగేళ్ళ కష్టం ఒక్క మాటతో నేనే పోగొట్టుకున్నానేమో అనిపించింది. మా ఆయన నేలకేసి చూస్తున్నాడు, చెవులు కందిపోయాయి. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి సెంకుంబా ఫారం బల్ల మీద నా వైపుకి తోశాడు. "వ్యాపారం నచ్చింది. ఫారం నచ్చలేదు. పైన ఉన్న పేరూ ఆ గిడ్డంగీ కొట్టేసి నిజం రాయి. చోటు నీది" అన్నాడు.

కలం పట్టుకుంటే గోళ్ళ నలుపు కనిపించింది, దాచుకోలేదు. పై పేరు కొట్టేసి నా పేరు రాశాను, అక్షరం అక్షరం, అందరూ వేచి చూస్తుండగా. గిడ్డంగి కొట్టేశాను. రెండో పేరు దగ్గర ముకీబి డెనిస్ అని రాసి, బాధ్యత అన్నచోట ఆగాను. ఆచెంగ్ వంగి ఆ కాగితం చూసింది. అక్కడొక గడి ఖాళీగా ఉంది. ముఖ్య అధికారి మూడు నెలలూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి గనక ఇంటి దగ్గర ఏం ఏర్పాటు చేసుకున్నారని అడిగే గడి. మా ఆయన దాన్ని వదిలేశాడు. మగవాడి ఫారంలో అది ఖాళీగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. ఇక నన్నే అడుగుతారు, ముగ్గురు పిల్లలున్నారు కదా ఎలా అని. మూడింటికే లేస్తాను, చెల్లెల్ని పిలిపించుకుంటాను, ఆదివారాలు ఇంటి చాకిరీ చేసుకుంటాను అని జవాబు నాలికమీద సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆచెంగ్ నన్ను అడగలేదు. మా ఆయన వైపు తిరిగింది. "ఈ మూడు నెలలూ ఇల్లూ పిల్లలూ ఎవరు చూస్తారు?"

ఆయన అలవాటుగా నా వైపు చూశాడు.

"ఆవిణ్ణి కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను."

"మా అమ్మని రమ్మంటాను" అన్నాడు.

"మీ అమ్మగారు ఇక్కడ లేరు. ఆవిడ తరఫున మీరు ఒప్పుకోకండి."

హాలంతా నవ్వింది. ఆయన మొహం తుడుచుకున్నాడు. నన్ను చూశాడు, నా చేతిలో కలాన్ని చూశాడు. పెళ్ళి చూపుల్లో కూడా ఆయన్ని అంత బెదిరిపోయి చూడలేదు నేను. గొంతు సవరించుకుని, మైకు అక్కర్లేకుండానే, "నేనే చూస్తాను. వంట కూడా నేనే" అన్నాడు.

ఇక చూడాలి ఆ హాలు. ఈలలు, చప్పట్లు, కొందరు లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఒకమ్మాయి నాతో, నువ్వెంత అదృష్టవంతురాలివి అంది. నేను నాలుగేళ్ళు చేసినదానికి రాని చప్పట్లు, ఆయన మూడు నెలలు చేస్తానన్నదానికి వచ్చాయి. అయినా నాకు సంతోషంగానే ఉంది, దాచుకోను. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, నాకు తెలుసు. ఇంటికెళ్ళేసరికి, అత్తగారి ఫోనొచ్చేసరికి అది ఎంత పల్చబడుతుందో కూడా తెలుసు.

ఖాళీ గడి మీద వేలు పెట్టి ఫారం ఆచెంగ్ ముందుకి జరిపాను. చేత్తో హాలుని ఆగమని, మైకు దగ్గరికి తీసుకున్నాను.

"చప్పట్లు తరవాత కొడుదురు గాని, ముందు ఆ మాట ఇక్కడ రాసి ఆయన చేత సంతకం పెట్టించండి."