పేరులేని చిన్న అర

లోపల ఏముందో చూడకుండానే ఒక వస్తువును చెరిపేయమని తీర్పు చెప్పే అధికారం మనిషికి ఎవరిచ్చారు? ఈ ప్రశ్న అడిగిన రిటైర్డ్ లైబ్రేరియన్‌కు కంప్యూటర్ మరమ్మతు దుకాణంలో జవాబు దొరకలేదు. దొరికింది ఒక పసుపుపచ్చ చీటీ. ఆమె లాప్‌టాప్‌ను సంచిలోంచి తీసి బల్లమీద పెట్టీపెట్టకముందే మెకానిక్ దాని మూత మీద ‘ఫా’ అని రాసిన చీటీ అంటించాడు. ఫా అంటే ఫార్మాట్. అతని వెనుక వరసగా నిలబెట్టిన పదకొండు యంత్రాల మీదా అదే అక్షరం. ఏ రోగానికైనా ఒకటే మందు.

“ఆపరేటింగ్ సిస్టం కనబడలేదని రాస్తోంది కదమ్మా? మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కిస్తే సాయంత్రానికి పెళ్లికూతురిలా ఉంటుంది.”

“తుడిచేస్తే అందులో ఉన్నవి?”

“పోతాయి. వాటిమీద ఆశ పెట్టుకోకండి. అయినా ఈ వయసులో మీకేముంటాయమ్మా, నాలుగు ఫొటోలు తప్ప?”

“వయసు కూడా చీటీలోనే రాసేస్తే పోయేది కద నాయనా,” అని ఆమె లాప్‌టాప్‌ను మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఆమెకు కావలసింది అందులోని ఒకే ఒక్క ఫైలు. అన్న పోయాక పద్దెనిమిదేళ్లు ఆమె, వదిన ఒకే ఇంట్లో కాపురమున్నారు. చివరి ఏడాది గొంతుకు ఆపరేషన్ జరిగి వదినకు మాట పోయింది; నోరు మాత్రం పోలేదు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పెద్దపెద్ద అక్షరాలతో టైపు చేసేది. ఆడపడుచైన ఈమె నోటితో జవాబు చెప్పేది. కనుక ఆ ఫైల్లో మిగిలింది వాళ్ల మాటల్లో సగమే. ‘ఈ వేడినీళ్లను టీ అనడానికి నీకు మనసెలా ఒప్పిందే?’ ‘కిటికీ మూయి, పక్కింటాయన పాడబోతున్నాడు.’ ‘నన్ను నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి.’ వదిన పోయిన ఈ తొమ్మిది నెలలూ ఆమె ప్రతి సాయంత్రం ఒక పేజీ తెరిచి, తన సగాన్ని ఖాళీ ఇంటికి వినిపించేది. నలభై వేల పుస్తకాలకు కార్డులు రాసిన మనిషి ఆ ఫైలుకు రెండో ప్రతి తీసి పెట్టుకోలేదు.

తప్పెవరిదో కూడా ఆమెకు తెలుసు. కిందటి ఆదివారం ఖాళీ చోటు కోసం డిస్కును సర్దుతుంటే, శుభ్రం చేసే ప్రోగ్రాం చూపించిన జాబితాలో పేరులేని చిన్న అర, అంటే పార్టిషన్, ఒకటి కంటపడింది. వంద మెగాబైట్లు. ఎవరూ తెరిచిన జాడ లేదు. అయిదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకం మీద, అట్టయినా తెరవకుండా ‘తొలగింపు’ ముద్ర కొట్టడం ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం ఆమె చేతికి నేర్పిన అలవాటు. అదే చేత్తో ఆ అరనూ తొలగించింది. అప్పటినుంచి యంత్రం లేవలేదు. మెకానిక్ మీద ఆమెకు పుట్టిన కోపంలో సగం, ఆ చీటీలో తన ముద్రను గుర్తుపట్టినందుకే.

మరునాడు తాను పనిచేసిన గ్రంథాలయానికే వెళ్లింది. అక్కడి కొత్తవాళ్లెవరూ ఆమెను ఎరగరు. రెండు గంటలు చదివితే సంగతి తేలింది. ఆపరేటింగ్ సిస్టం ఎక్కడుందో యంత్రానికి చెప్పేది ఆ చిన్న అరే. పుస్తకాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, పోయింది కార్డుల పెట్టె. కార్డులు పోయాయని గ్రంథాలయాన్నే తగలబెట్టమంటున్నాడు ఆ మహానుభావుడు.

మరమ్మతు ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద యంత్రాన్ని దానితో లేపింది. దానంతటది బాగుచేసే మార్గం ఎంచితే, తన వల్ల కాలేదని ప్రోగ్రాం చెప్పి ఊరుకుంది. ఇక ఆజ్ఞలు స్వయంగా టైపు చేయవలసిందే: ఖాళీ అయిన చోట మళ్లీ అర కట్టాలి, దాన్ని ఫార్మాట్ చేయాలి, ప్రారంభపు ఫైళ్లను అందులో తిరిగి రాయాలి. తిరిగి తిరిగి అదే మాట, ఫార్మాట్. తెర మీద రెండు అరల అంకెలున్నాయి. ఒకటి ఖాళీ అర. రెండోది వదిన.

ఆమె ఎదుటి కుర్చీ వైపు చూసింది. ఒకప్పుడైతే ‘తొందరపడకే మొద్దూ’ అని అటునుంచి పెద్ద అక్షరాలు వచ్చేవి. అంకె పక్కనున్న పరిమాణాన్ని మూడుసార్లు చదివి, వంద అన్నచోట వేలు ఆనించి, రెండో చేత్తో మీట నొక్కింది.

పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే చుక్కలు చాలాసేపు గుండ్రంగా తిరిగాక తెర వెలిగింది. ఫైలు ఉంది. ముందు రెండు ప్రతులు తీసింది, ఆ తర్వాతే తెరిచింది. చివరి పంక్తి: ‘ఏమే, ఉన్నావా?’

“ఉన్నాను వదినా,” అంది.

చెప్పుకోవడానికి మరో మనిషి లేక, మరునాడు మళ్లీ ఆ దుకాణానికే వెళ్లింది.

“ఫార్మాట్ లేకుండానే? మీరే చేశారా? భలేవారమ్మా, నా పొట్ట కొట్టేలా ఉన్నారు.”

“ఇంకేమీ అడగవా?”

“ఏమడగాలమ్మా?” అంటూనే అతను తర్వాతి యంత్రానికి చీటీ అంటించాడు. దాన్ని తెచ్చిన పెద్దాయన ఏదో చెప్పబోయి, నోట్లోనే మింగేశాడు.

“ఇందులో ఏముందండీ?” అని ఆమె ఆయన్ను అడిగింది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె సంచి కింద పెట్టి, చివరిదాకా నిలబడి విన్నది.

ఆమెను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. చీటీల కట్ట మీ చేతిలోనూ ఉంది. దాన్ని కింద పెట్టండి, మీ పక్కనున్న మనిషిని అడగండి, జవాబు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడండి.