కౌంటరు మాట

దమ్మపేట చీరల కొట్లో వనజకు అది పరీక్ష నెల ఆఖరి రోజు. కొలువు ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి తేలిపోతుంది. యజమానురాలు పద్మావతమ్మ గల్లా దగ్గర కూర్చుని చెవులు రిక్కించి వింటోంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఆవిడకు ప్రతి మాట చివరా "అండి" వినబడాలి. పనివాళ్ళను మాత్రం ఆవిడ "నువ్వు" అనొచ్చు, అది వేరే సంగతి! అడవి పల్లెలో పుట్టిన వనజకేమో దేవుడైనా నువ్వే, సర్పంచైనా నువ్వే. వాళ్ళ ఊళ్ళో అది చిన్నచూపని ఎవరూ అనుకోరు.

"'రా, కూసో' అంటే కొనేవాళ్ళు నిలబడతారా? ఇంకోసారి ఆ మాట వినబడిందో, నీ దారి నువ్వు చూసుకో," అని పద్మావతమ్మ పొద్దున్నే చెప్పేసింది.

మధ్యాహ్నం గుమ్మంలో తల్లి ఎర్రమ్మ కనబడింది. వనజ ముందే రావద్దని చెప్పింది కదా! కానీ తెల్లారితే ఇంట్లో కొత్త పంట పండుగ. పెద్దలకు పెట్టే చీరను ఇంటి ఆడపిల్లే నుదుటికి ఆనించి, పోయినవాళ్ళను 'నువ్వు' అని నోరారా పిలిచి ఇవ్వాలి. వనజకు సెలవు దొరకలేదు. అందుకే చీర కొని, ఆ పిలుపు ఇక్కడే పిలిపించుకుపోదామని తల్లి వచ్చింది.

"రండి, కూర్చోండి. ఏం చూపించమంటారు?" అనేసింది వనజ. కన్నతల్లితో!

ఎర్రమ్మ బిత్తరపోయింది. కూతురి మొహం చూసింది, గల్లా వైపు చూసింది. అంతా అర్థమైంది. బెంచీ అంచున ఒదిగి కూర్చుంది.

"ఎర్రంచు చీర చూపించండి మేడం," అంది పరాయిదానిలా.

వనజకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎర్రంచు చీర తీసి బల్ల మీద పరిచింది. ఎర్రమ్మ కొంగుముడి విప్పి డబ్బు కట్టి, చీర కోసం చెయ్యి చాపింది. కూతురి కొలువు నిలబడాలని, పోయిన అత్తను పిలిపించకుండానే పట్టుకుపోతోంది. ఇక వనజ వల్ల కాలేదు.

చీరను నుదుటికి ఆనించుకుంది. "నాయినమ్మా, గిది నీకే తెచ్చిన. కట్టుకో. మమ్మల్ని సల్లగ చూడు," అంది, కొట్టంతా వినబడేలా.

పద్మావతమ్మ లేచి నిలబడింది. "ఏంటిదంతా? ఎవరావిడ?"

ఎర్రమ్మ గబగబా అడ్డుపడింది. "నేనెవరో గీ మేడంకు తెల్వదండి! తప్పు నాదేనండి. పిల్లను ఏమనకండి."

వనజ కౌంటరు దాటి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"మా అవ్వ," అంది పద్మావతమ్మతో. తర్వాత తల్లి వైపు తిరిగింది. "నువ్వు లే అవ్వా. పండుగకు ఇద్దరం పోదాం."