ఆమె కొలతకు చెక్కిన అరుగు

తోట ఆసామి మెత్తచేతులాయన చేసిన మోసం రాతిపనివాడికి ఉలి సానపట్టేటప్పుడు తప్పకుండా గుర్తొస్తుంది. ఆ రోజూ తెల్లవారకముందే వాకిట్లో గొంతుక్కూర్చుని, సానరాతి మీద నీళ్ళు చిలకరిస్తూ ఉలి మొనను రుద్దుతున్నాడు. కుడి బొటనవేలికి గోరు లేదు. ఎడమ కన్ను రాతి పెచ్చు తగిలి ఎప్పుడో తెల్లబడింది. వేళ్ళ సందుల్లో ఇంకిపోయిన రాతిపొడి ఎంత కడిగినా వదలదు. రుద్దిన ప్రతిసారీ పళ్ళ మధ్య ఒకటే మాట నలుగుతోంది: "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు."

లోపల భార్య మంచం మీద కదిలింది. కాళ్ళకు నీరు పట్టి మడమలు కనిపించడం లేదు. కూర్చుంటే తప్ప ఊపిరి అందదు.

"ఏమయ్యా, గునపం కూడా బయట పెట్టావు. ఎవరింటికి కన్నం వేస్తావేంటి?"

"మనింటికే."

"ఆయన జోలికి పోకు."

"నువ్వు జావ తాగు," అని గిన్నె ఆమె చేతికిచ్చి బయల్దేరాడు.

రాతిగని వెనకున్న వాలు అతని తండ్రిది. గడ్డి కూడా మొలవని ఉత్త బండ. దాన్ని తన తోటలో కలుపుకోవాలని మెత్తచేతులాయనకు మనసైంది. రాతిపనివాడు డబ్బు అడగలేదు. "బండలో మీ సమాధి నేనే తొలుస్తాను. లోపల శవాల్ని పడుకోబెట్టడానికి రెండు అరుగులు. ఒకటి మీకు, ఒకటి మా ఇంటికి," అన్నాడు. పేదవాళ్ళను కప్పెట్టే కుమ్మరిగుంటలో వానాకాలం మన్ను కరిగి అతని తల్లి ఎముకలు పైకి తేలాయి. కుక్కల నోటి నుంచి లాక్కుని మళ్ళీ పూడ్చింది అతనే. భార్యకు ఆ గతి పట్టకూడదన్నదొక్కటే అతని కోరిక. మెత్తచేతులాయన నలుగురి ముందూ సరేనన్నాడు.

అరుగు చెక్కేముందు మనిషిని నేలమీద పడుకోబెట్టి చుట్టూ బొగ్గుతో గీత గీయడం ఆ పనిలో ఆనవాయితీ. మెత్తచేతులాయన ససేమిరా అన్నాడు. "బతికుండగానే గోతిలో పడుకోమంటావా?" అప్పుడే అన్నం మూట తెచ్చిన భార్య పకపకా నవ్వి, మూట పక్కనపెట్టి వెల్లకిలా పడుకుంది. "నా కొలత తీసుకో. వేసవిలో ఇక్కడే కాపురం పెడదాం, చల్లగా ఉంది."

అతను గీత గీశాడు. గీసిన చేత్తోనే ఆ అరుగు ముందు చెక్కేశాడు. అదే అతను చేసిన తప్పు. చూడటానికి వచ్చిన మెత్తచేతులాయన మొహం మాడ్చుకున్నాడు.

"ఇందులో నన్ను మడిచి పెడతావా?"

"అది మాదండీ. మీది రేపు మొదలెడతాను."

"ముందు నీదా? తర్వాత నాదా?"

ఆ మర్నాడు తోట ద్వారం దగ్గరే అతన్ని ఆపేశారు. వాలు చుట్టూ అప్పటికే గోడ లేచింది. రెండో అరుగు ఎవరూ చెక్కలేదు. ఆ ఒక్క అరుగూ ఖాళీగా పడుంది.

మొన్న సాయంత్రం దాకా. పాలకులు ఊరి బయట కొయ్యకు మేకులు కొట్టి చంపిన బోధకుణ్ణి మెత్తచేతులాయన తెచ్చి దానిమీద పడుకోబెట్టాడు. ఎంత ఉదారుడో అని ఊరంతా మెచ్చుకుంది. పాలకులు సమాధి నోటికి అడ్డంపెట్టిన రాతికి ముద్ర వేసి కాపలా పెట్టారు. చచ్చినవాడి మీద రాతిపనివాడికి కోపమేమీ లేదు. కానీ అది ఆమె పక్క. రాయి జారుతోంది, చీల బిగించాలని కాపలావాళ్ళకు చెప్పి లోపలికి పోవాలి. శవాన్ని భుజాన వేసుకెళ్ళి మెత్తచేతులాయన గుమ్మంలో దించాలి. నీ చుట్టాన్ని నీ ఇంట్లోనే ఉంచుకో అనాలి. ఆ మాట రెండు రోజులుగా నోట్లో బెల్లంముక్కలా తిప్పుకుంటున్నాడు.

తోట దారిలో ముగ్గురు ఆడవాళ్ళు సుగంధద్రవ్యాల మూటలతో ఎదురయ్యారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. పెద్దామె అతని చేతిలో గునపం చూసింది.

"నాయనా, సమాధి రాయి మాకు కదలదు. కాస్త దొర్లించి పెడతావా? నీకు పుణ్యముంటుంది."

"నేనూ దానికే పోతున్నానమ్మా."

"చూశారా, దేవుడే పంపాడు," అందామె మిగతావాళ్ళతో. అతను తల వంచుకుని ముందు నడిచాడు. ఇంతలో కాపలా సైనికులు కిందికి పరిగెత్తుకొచ్చారు. ఒకడికి చెప్పులు కూడా లేవు. "పోవద్దు! పైకి పోవద్దు!" అంటూ వీళ్ళను తోసుకుని వెళ్ళిపోయారు.

సమాధి తెరిచే ఉంది. అంత బండరాయీ గాడిలో ఎగువకు దొర్లి ఉంది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికొచ్చారు. "లేచాడట! లేచాడని లోపల ఒకాయన చెప్పాడు!" అంటూ పెద్దామె వణుకుతూ అతని చెయ్యి పట్టుకుంది. ఎవరు చెప్పారని అడిగేలోపే ముగ్గురూ పరుగు తీశారు.

అతను వంగి లోపలికి దూరాడు. మనిషి జాడ లేదు. అరుగు మీద చుట్టిన నారబట్టలు, విడిగా మడిచి పెట్టిన తలగుడ్డ. పగ తీర్చుకోవడానికి వచ్చినవాడికి చివరికి శవం కూడా మిగల్లేదు. అప్పుడు తట్టింది: అరుగు ఖాళీ. గునపం అక్కడే పారేసి ఇంటికి పరిగెత్తాడు.

"లేడే! నీ చోటు నీకొచ్చింది!"

భార్య కళ్ళు తెరిచింది. "నా పక్కమీద ఎవరో పడుకుని లేచిపోయారన్నమాట. పక్క సర్ది వెళ్ళాడా?"

"తలగుడ్డ మడిచి పెట్టాడు."

"మర్యాదస్తుడే. నువ్వు ఒక్కనాడైనా దుప్పటి మడిచావా?" నవ్వబోతే దగ్గొచ్చింది. నీళ్ళడిగింది. అతను కుండ దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి గోడకు ఆనుకుని, తల పక్కకు వాల్చి ఉంది. నీళ్ళు ఆమె పెదవులకు తగిలి గడ్డం మీదుగా జారిపోయాయి.

మధ్యాహ్నం భార్యను దుప్పటిలో చుట్టి, చేతుల మీద మోసుకుని తోటకు వెళ్ళాడు. ద్వారం నిండా జనం. సైనికులు మళ్ళీ వచ్చి ఈటెలు అడ్డం పెట్టారు. మెత్తచేతులాయన పక్కనే నిలబడి ఉన్నాడు, మొహంలో ఏదో వెలుగు.

"దారివ్వు. దీని అరుగు ఖాళీ అయింది."

మెత్తచేతులాయన దుప్పటి వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. "అక్కడిక ఎవర్నీ పెట్టలేను. అది నాది కూడా కాదిప్పుడు."

"కాకపోతే నాదే! నా రాయి, నా రెక్కలు, దీని కొలత!"

"నీకు ఇంకోచోట చూపిస్తాను. రేపు రా."

"ఇలాంటి మాట నీ నోట ఇదివరకే విన్నాను. నువ్వు చచ్చిననాడు నిన్ను మోసే నలుగురూ నిన్ను దించే చోటు దొరక్క ఊరంతా తిరగాలి. అది చూసేదాకా నేను చావను."

మెత్తచేతులాయన క్షమించమన్నట్టు చేతులు జోడించాడు. ఆ మెత్తటి చేతులు చూసి రాతిపనివాడు వెనక్కి తిరిగి కుమ్మరిగుంట దారి పట్టాడు.

అక్కడ కుక్కలకు అందనంత లోతుగా తవ్వాడు. పొద్దు వాలేవేళకు మన్ను కప్పి, ఆ మన్ను మీదే కూర్చుని, ఎదుటి వాలులో నల్లగా తెరుచుకున్న సమాధి నోటిని చూస్తూ ఉండిపోయాడు. లోపల ఏడు జానల పొడవు, మూడు జానల వెడల్పు రాయి. దానిమీద, ఇంకా ఎవరూ ముట్టుకోని తలగుడ్డ.