మేడం, ముందు మీరు పడుకోండి

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దీపం మెడ వంచి, మోడల్ ముఖం మీద నీడ పడకుండా చూసుకోవాలి. కింది రెప్ప వెంట్రుకలన్నీ అణిగేలా కళ్ళ కింద మెత్తటి ప్యాడ్ అంటించాలి. రెండు కళ్ళూ పూర్తిగా మూసుకున్నాయో లేదో వంగి చూడాలి. రవ్వంత సందు ఉన్నా ప్యాడ్ తీసి మళ్ళీ అంటించాలి. ఎడమచేతి ట్వీజర్‌తో ఒక్క రెప్పవెంట్రుకని పక్కవాటి నుంచి విడదీసి పట్టుకోవాలి. కుడిచేతి ట్వీజర్‌తో అతికించాల్సిన వెంట్రుకని జిగురులో ముంచి దానిమీద ఆనించాలి. చర్మానికి తగలనివ్వకూడదు. ఘాటుని బయటికి లాగే ఫ్యాను ఆపకూడదు. అన్నిటికన్నా ముందు, ముందురోజే మోడల్ చెవి వెనక జిగురు చుక్క పెట్టి, పడుతుందో లేదో తెల్లారేదాకా ఆగాలి.

కనురెప్పలకి వెంట్రుకలు అతికించే పని నేర్పే పార్లర్‌లో మొదటిరోజు మేడం మాకు చెప్పిన పాఠం ఇది. మర్నాటి నుంచి చివరి రెండూ పాఠంలోనే మిగిలిపోయాయి. చప్పుడుకి ముందుగదిలో కస్టమర్లు చిరాకు పడుతున్నారని ఫ్యాను ఆపించింది. చెవి వెనక చుక్క సంగతి అడిగితే, "కస్టమర్లకి పెడతాంలే. వీళ్ళకెందుకు?" అంది.

వీళ్ళంటే మోడళ్ళు. మోడళ్ళంటే ఊడ్చే అక్క, టీ ఇచ్చే పిన్ని, తువ్వాళ్ళు ఉతికే ఆవిడ. బొమ్మతలల మీద కాస్త చెయ్యి తిరిగాక మాకు మనుషుల కళ్ళు కావాలి. మేడం గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడితే వాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చి మంచమెక్కాలి.

"పడుకోవడం కూడా కష్టమేనా మీకు? హాయిగా ఓ కునుకు తియ్యండి" అనేది. లేచాక ఆగిపోయిన పని ఎలాగూ వాళ్ళదే.

నన్ను అక్కడ 'డిగ్రీ' అని పిలిచేవారు. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషిని నేనే. నాన్న బస్సు డిపోలో బస్సులు కడుగుతాడు. చదువయ్యాక ఉద్యోగం రాకపోతే, "చేతిలో పనుంటే ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదమ్మా" అని ఆయనే నన్ను ఇక్కడ చేర్పించాడు. అందుకే నాకు మాట పడటమంటే భయం. మేడం నన్ను గట్టిగా ఒక మాటంటే నాన్నని అన్నట్టే ఉండేది.

ఆ రోజు నా మంచం మీదికి ఊడ్చే అక్క వచ్చింది. చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని ఎక్కింది.

"పట్టపగలు పరుపెక్కే యోగం నాకు ఇక్కడే పట్టింది డిగ్రీ. మా ఆయన చూశాడంటే కుళ్ళి చస్తాడు."

"మాట్లాడకక్కా, ప్యాడ్ కదులుతుంది."

"సరే తల్లీ, మూసేశా. కళ్ళూ, నోరూ."

తన మాటకి తనే నవ్వుకుంది. ఆ నవ్వుకి బుగ్గ పైకి లేచి ప్యాడ్ జరిగింది. వంగి చూశాను. ఎడమకన్ను కింద సన్నటి తెల్లగీత కనిపించింది. కన్ను పూర్తిగా మూసుకోలేదు. ప్యాడ్ తీసి మళ్ళీ అంటించాలి.

మేడం నా వెనకే ఉంది. "ఏంటి డిగ్రీ, ముహూర్తం కోసం చూస్తున్నావా?"

ప్యాడ్ తీస్తే తప్పు చేశానని తెలిసిపోతుంది. తీయలేదు. జిగురు సీసా మూత తిప్పాను. కొత్త రకం. ముక్కు పుటాలు మండేంత ఘాటు.

కాసేపటికి అక్క అంది, "మండుతోందమ్మా."

నా చేతులాగాయి. మేడం ఆగలేదు. "కదలకు. నువ్వు కదిలితే ఆ పిల్ల చెయ్యి తప్పుతుంది."

అక్క కదల్లేదు. మంచం అంచుని పిడికిలితో పట్టుకుంది. ఆ పిడికిలి నాకు కనిపిస్తూనే ఉంది. నేను ఒక్కో వెంట్రుకా విడదీస్తూనే ఉన్నాను, అతికిస్తూనే ఉన్నాను. మూసిన రెప్పల కిందినుంచి కారిన నీళ్ళతో ప్యాడ్ తడిసిపోయింది. నా చెయ్యి తప్పకూడదని అక్క అలాగే పడుకుని ఉంది.

మర్నాడు అక్క కళ్ళకి తడిగుడ్డ కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. వైద్యం చేయించమని అడగడానికి. మేడం అందర్నీ హాల్లోకి పిలిచింది.

"చీపురు పట్టిన చేతుల్తో కళ్ళు నలుపుకుంది. దానికి నేనేం చెయ్యను? డిగ్రీ, నువ్వే కదా చేసింది. నలుపుకోవడం చూశావా లేదా?"

హాలంతా నావైపే చూసింది.

"చూశాను మేడం" అన్నాను.

అక్క కట్టుగుడ్డ ఉన్న ముఖం నా గొంతు వినిపించిన వైపు తిప్పింది. "ఏమో, నలుపుకున్నానేమోలెండి" అంది. మేడం అక్కని పనిలోంచి తీసేసింది. గోడకి ఆనించిన చీపురు నా మంచం పక్కనే మిగిలిపోయింది.

మధ్యాహ్నం మెట్ల మీద అన్నం డబ్బాలు విప్పాం. నా డబ్బా మూత నేను తీయలేదు. పెద్ద గొంతని 'మైకు' అని మేం పేరుపెట్టిన పిల్ల నా ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు. ఆవిడ నలుపుకోవడం నువ్వు చూశావా?"

"లేదు."

"మరెందుకన్నావ్?"

"భయమేసింది."

"మాకేం భయాల్లేవా? అంత చదువూ చదివి నేర్చుకున్నది ఇదేనా, మేడం అడిగినదానికల్లా తలూపడం?"

పై మెట్టు మీంచి, మా అందరిలోకీ పెద్దది, మేం వదినా అని పిలిచే ఆవిడ కలగజేసుకుంది. "దాన్నొక్కదాన్నే ఎందుకు తింటావే? నా మంచం మీద టీ పిన్ని కూడా మండుతోందంది. నా చెయ్యే తప్పిందనుకుని ఎవరికీ చెప్పలేదు."

మైకు గొంతు మొదటిసారి తగ్గడం చూశాను. "నా మోడల్ కూడా అంది. నేనూ అలాగే అనుకున్నా."

ఇంకొకరు నోరు విప్పారు. ఆ పక్కన ఇంకొకరు. మెట్ల పొడుగునా అదే మాట. నా చెయ్యే అనుకున్నా, నా చెయ్యే అనుకున్నా.

ఇన్ని చేతులు ఒకేలా ఎలా తప్పుతాయి? ఎవరికి వాళ్ళం సిగ్గుపడుతూ, తలలు దించుకుని, పక్కమంచం వైపు చూడకుండా పనిచేశాం. మేడంకి కావలసింది అదే. ఆ మధ్యాహ్నం మాకది అర్థమైంది. అయినా నా తప్పు నాకు తేలిక కాలేదు. ఫ్యాను ఆపించింది మేడం. సందు చూసి కూడా ప్యాడ్ తీయనిది నేను. చూశానన్నది నేను.

"ఎదురు తిరిగితే అందర్నీ వెళ్ళగొడుతుంది" అందొకామె.

"వెళ్ళగొట్టి? కస్టమర్లందరికీ తనొక్కతే అతికిస్తుందా?" అంది వదిన.

సాయంత్రం మైకూ నేనూ అక్క ఇంటికెళ్ళాం. ఒకటే గది. అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. నల్లగుడ్డు మీద మచ్చ పడిందని డాక్టర్ చెప్పాడట. ఎడమకంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు.

"కాదని ఎందుకు చెప్పలేదక్కా?" అని అడిగాను.

"నువ్వు చూశానన్నావు కదమ్మా. నేను కాదంటే అంతమందిలో నీ మాట పోతుంది. చిన్నపిల్లవి." మళ్ళీ తనే అడిగింది, "ఇంతకీ నీ చెయ్యి కుదిరిందా?"

"అమ్మా, వాళ్ళ చేతుల గొడవ నీకెందుకే!" అని కూతురు కసిరింది. నేను గుమ్మం బయటికొచ్చి నిలబడిపోయాను.

ఆ వారమే కొత్తగా చేరేవాళ్ళకి పని చూపించే రోజు వచ్చింది. హాలు నిండా అమ్మాయిలు, వాళ్ళ అమ్మానాన్నలు. మేడం చప్పట్లు కొట్టింది. టీ పిన్ని పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా, పడుకో."

"నేను పడుకోను మేడం" అంది పిన్ని. పళ్ళెంలో గ్లాసులు గలగలలాడుతున్నాయి.

"ఏయ్, ఎవరైనా వచ్చి మొదలెట్టండి!"

మా మంచాల దగ్గర ఎవ్వరూ ట్వీజర్ ముట్టుకోలేదు. నేను ముందుకెళ్ళి జిగురు సీసా తీసుకున్నాను.

"నేను చేస్తాను మేడం. ముందు మీరు పడుకోండి. ఇదే సీసా. ఫ్యాను ఆపే ఉంచుదాం. నా చెయ్యి కుదిరింది."

మేడం నవ్వబోయింది. "పిచ్చెక్కిందా నీకు?"

"హాయిగా ఓ కునుకు తియ్యండి మేడం" అంది మైకు వెనకనుంచి.

ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం ముఖం ఎర్రబడింది. "ముందురోజు చుక్క పెట్టి చూసుకోకుండా ఆ ఘాటులో ఎలా పడుకుంటానే? నా కళ్ళేమైపోవాలి?"

అన్నాక తను ఏమందో తనకే వినిపించింది. హాలంతా వింది. టీ పిన్ని పళ్ళెం కింద పెట్టి, "మరి మావి?" అంది.

నేను అందరివైపూ తిరిగాను. "ఊడ్చే అక్క కళ్ళు నలుపుకోలేదు. నేను చూశానన్నది అబద్ధం. కన్ను మూసుకోలేదని తెలిసి కూడా చేశాను. మండుతోందంటే ఆపలేదు."

కూతుర్ని చేర్పించడానికొచ్చిన ఒకాయన లేచి, కూతురి చెయ్యి పట్టుకుని, బయటికి పోకుండా మా మంచాల వైపు వచ్చి నిలబడ్డాడు. తర్వాత అరుపులు, తోపులాట. మా కోరికలు వదిన గట్టిగా చెప్పింది. ఫ్యాను తిరగాలి. చుక్క పెట్టి ఆగాలి. ఇష్టం లేని మనిషిని మంచమెక్కించకూడదు. అక్క కంటికి పార్లరే వైద్యం చేయించాలి, పనిలోకి తీసుకోవాలి. మేడం పోలీసుల్ని పిలిచింది.

పోలీసాయన సీసా వైపు చూసి, "జిగురు పెట్టింది ఎవరు?" అన్నాడు.

"నేను."

"తనే ఒప్పుకుంది కదా. తీసుకెళ్ళండి!" అంది మేడం.

"నేను కూడా పెట్టాను" అంది వదిన, ట్వీజర్ పట్టుకున్న చెయ్యి చాపి. "మీ సీసా, మీ మాట, మా చేతులు. తీసుకెళ్తే అందర్నీ తీసుకెళ్ళండి." మైకు చెయ్యి లేచింది. తర్వాత అందరివీ. జీపు చాల్లేదు. మిగిలినవాళ్ళు నడిచే వచ్చారు. దారిలో పక్కవీధి పార్లర్ల అమ్మాయిలు తలుపులు తీసి చూశారు. కొందరు చెప్పులేసుకుని కలిశారు. పని మధ్యలో చేతిలో అద్దంతోనే వచ్చేసిన ఒకామె నా పక్కన నడుస్తూ అంది, "మా దగ్గర కూడా మండుతోందంటారు. మా చెయ్యే అనుకున్నాం."

నాన్న డిపో నుంచి తడిబట్టల్తోనే స్టేషన్‌కొచ్చాడు. జరిగిందంతా చెప్పాను, ప్యాడ్ సంగతితో సహా. "ఆ అక్క దగ్గరికి నేనూ వస్తాను" అన్నాడు నాన్న.

మేమెవ్వరం ట్వీజర్ పట్టకపోయేసరికి మేడం దిగిరాక తప్పలేదు. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది. చెవి వెనక చుక్క పెడుతున్నారు. చప్పట్లు కొడితే ఎవరూ మంచమెక్కడం లేదు. నా మీద కేసుంది. అక్క వైద్యానికి మేడం ఇంకా ఒప్పుకోలేదు, మేం అడగడం మానలేదు. అక్క ఎడమకంటికి చూపు రాలేదు.

పనివాళ్ళూ, విద్యార్థులూ, ఇది మీకోసం రాశాను. ఎక్కడైనా ఎవరైనా "కదలకు" అని గద్దించడం వింటే, మండుతున్నా మంచం అంచు పట్టుకుని, ఒక కొత్త పిల్ల చెయ్యి తప్పకూడదని కదలకుండా పడుకున్న మా అక్కని గుర్తుచేసుకోండి. నన్ను మరిచిపోయినా ఫర్వాలేదు. ఆవిణ్ణి మరిచిపోకండి.