జములమ్మ కాగు

కాగు అడుగున వేసిన ఏడో తగరం మాటు కూడా ఊడింది. పొయ్యిలో నీళ్ళు చుయ్యిమన్నాయి, బూడిద లేచి నాగేంద్రమ్మ కళ్ళల్లో పడింది. ఆమె చేతిలో కట్టెను అక్కడే విసిరికొట్టి లేచి నిలబడింది. ఒళ్ళు మండిపోయింది.

అది పెరట్లో స్నానాల నీళ్ళు కాచే రాగి కాగు. పొయ్యి మీద మట్టితో మెత్తి నిలబెట్టారు. అంచు మీద ‘జములమ్మ’ అని చెక్కి ఉంటుంది. జములమ్మ నాగేంద్రమ్మకు అత్త. కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కాగు. ఆమె పోయి పదేళ్ళయింది. కాగును మాత్రం పోనివ్వనంటాడు ఆమె కొడుకు దశరథం.

దశరథం సంగతి చెప్పాలంటే ముందు ఎద్దుల సంగతి చెప్పాలి. పెబ్బేరు సంతలో ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూశాడంటే ఇక తిరుగులేదు. ఇది ఇంకా రెండేళ్ళు దున్నుతుంది, ఇది ఈ వానాకాలం దాటదు అని ఖరాఖండిగా చెప్పేస్తాడు. పదేళ్ళు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన ఎద్దు అయినా సరే, వయసు మళ్ళిందంటే పొద్దున సంతకు తోలి, సాయంత్రానికి కొత్తదాని కొమ్ములకు నూనె రాస్తాడు. అంత తెలిసిన మనిషికి కాగు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు కనిపించవు.

నాగేంద్రమ్మ ఈసారి ఊరుకోదలచుకోలేదు. కూతురు పుష్పమ్మ తొలి కాన్పుకు వచ్చి ఉంది. నేడో రేపో అన్నట్టుంది. కాన్పయ్యాక బాలింతకు రెండు పూటలా ఒంటికి కాక తగిలేంత వేడి నీళ్ళు కావాలి. ఇంత తగరం ముద్దను నమ్ముకొని కూతుర్ని స్నానానికి కూర్చోబెట్టడం ఆమెకు ఇష్టం లేదు. వనపర్తి నుంచి కంచరి పెంటయ్యను పిలిపించింది.

పెంటయ్య కాగును పొయ్యి మీంచి పెళ్ళగించి, మసి గీకి, రెండు చేతులతో ఎత్తి ఎండకు అడ్డం పట్టాడు. “లోపలికి చూడు పటేలా,” అన్నాడు. అడుగు నిండా సన్నటి వెలుతురు చుక్కలు.

“జల్లెడ లెక్క అయింది. మాటు అంటుకోవాలంటే కింద రాగి ఉండాలె గద. నాకిస్తే కరగబెట్టి, సాగగొట్టి, జర చిన్నది చేసిస్త. దేశాల నడుమ లడాయి మూలాన బజార్ల రాగి రేకు దొరుకుతలేదు. పాత రాగి ఇస్తెనే కొత్త కాగు.”

“కరగబెడ్తవా? మా అమ్మ పేరున్నది దాని మీద. మాటెయ్యి,” అన్నాడు దశరథం.

“ఎద్దు పండ్లు ఊగితే సంతకు తోల్తవ్. దీని అడుగు ఊడినా నీ కండ్లకు ఆనదా?” అంది నాగేంద్రమ్మ.

“నడుమ నువ్వెందుకే?”

నడుమ ఆమె కాక ఇంకెవరు మాట్లాడాలి? తెల్లారకముందే బావి నుంచి ఏడు బిందెలు మోసి ఆ కాగు నింపేది ఆమె. తడి కట్టెలు ఊది ఊది కళ్ళు పోగొట్టుకునేది ఆమె. ముందు దశరథం, ఆయన తర్వాత ఇంట్లో మగవాళ్ళంతా తోడుకుంటే ఆడవాళ్ళకు మిగిలేది అడుగున నాలుగు చెంబుల గోరువెచ్చటి నీళ్ళు. పైగా ఆ ఇంటికో ఆచారం ఉంది. కాగులోంచి తోడుకునేది మగవాళ్ళు, అందులో పోసేది ఆడవాళ్ళు. మగవాడు బిందె ఎత్తి కాగులో ఇన్ని నీళ్ళు పోస్తే మీసం ఊడి పడుతుందేమో!

పెంటయ్య తల కొట్టుకొని ఎనిమిదో మాటు వేశాడు. పోతూ పోతూ గట్టిగా చెప్పాడు.

“కింద నిప్పున్నంతసేపు కాగు ఎండొద్దు పటేలా. తగరం మాటు ఇది, నీళ్ళుంటెనే నిలుస్తది. ఎండిందా, కరిగి కారిపోతది. ఎవరు తోడుకుంటే వాళ్ళే మళ్ళ పొయ్యాలె.”

దశరథం తల ఊపాడు. ఆ ఊపింది కూడా పెళ్ళాం వైపు చూసి.

పుష్పమ్మకు ఆడపిల్ల పుట్టింది. అయిదో రోజు పెబ్బేరు సంత. నాగేంద్రమ్మ చీకటితోనే కాగు నింపి, మంట పెట్టి, పక్కన ఇంకో నిండు బిందె కూడా ఉంచి, కూతురికి నూనె రాయడానికి లోపలికి పోయింది. ఆ రోజు ఇంట్లో మగవాళ్ళంతా తోడుకున్నాక చివరగా దశరథం, సంతకు ఆలస్యమవుతుందని గబగబా స్నానం చేసి బయలుదేరాడు. ఆ వెనకే మంత్రసాని హన్మమ్మ పుష్పమ్మను చేయి పట్టి నడిపించుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. చలికాలపు గాలి రివ్వున కొడుతోంది. నాగేంద్రమ్మ కాగులో చెంబు ముంచింది. చెంబు అడుగును గీరింది.

కాగులో చుక్క నీళ్ళు లేవు. కింద నిప్పులు కణకణమంటున్నాయి. కంగారుగా బిందె ఎత్తి పోసింది. పోసినవి పోసినట్టే పొయ్యిలో పడ్డాయి. ఆవిరీ బూడిదా ఒక్కసారిగా లేచి బాలింత మీదికి వచ్చాయి.

“అమ్మా, సలి పెడుతుందే,” అంది పుష్పమ్మ. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. హన్మమ్మ దుప్పటి చుట్టి లోపలికి తీసుకుపోయింది. అన్నం కుండలో నీళ్ళు కాచి ఆ నూనె కడిగేసరికి పొద్దెక్కింది. సాయంత్రానికి పుష్పమ్మ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

దశరథం కొత్త ఎద్దును తోలుకొని వచ్చాడు. పొయ్యి చూశాడు, కాగు చూశాడు.

“ఎవరే దీన్ని ఎండబెట్టింది? పెంటయ్య చెప్పిండా లేదా? ఆడోళ్ళకు జర సోయి ఉండొద్దా?”

ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. నాగేంద్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నువ్వే ఎండబెట్టినవ్! పొద్దుగాల ఆఖర్కి తానం చేసింది ఎవరు? పక్కనే బిందె నిండ నీళ్ళుండె. ఎత్తి పొయ్యనీకె చేతులు రాలేదా? లోపల నీ బిడ్డ జొరంతోని మూలుగుతుంది, పోయి చూడు!”

“తోడుకునుడు నా పని, పోసుడు నీ పని. మా అమ్మ గూడ గట్లనే చేసింది.”

పదేళ్ళు కడుపులో దాచుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

“మీ అమ్మ పొయ్యేముందు నన్నేమడిగిందో ఎరుకనా నీకు? ‘బిడ్డా, నా కాగే గాని ఒక్కనాడు నాకు నిండ ఉడుకునీళ్ళు దొర్కలే. ఒక్కపారి తనివిదీర పొయ్యవే’ అన్నది. పోస్తమని కాగు కాడికి పోతే అప్పటికే నువ్వు తోడుకున్నవ్. మళ్ళ కాగేసరికి ఆమె లేదు. సచ్చినంక పోసినం ఏడు బిందెలు! పేరు ఆమెది, నీళ్ళు నీవి!”

దశరథం ఎద్దును కట్టేసే మిషతో కొట్టం వైపు పోయాడు.

మరునాడు కూతురి దగ్గర హన్మమ్మను కూర్చోబెట్టి, నాగేంద్రమ్మ కాగును నెత్తికెత్తుకుంది. రెండు కోసుల దారి ఎక్కడా దించకుండా నడిచి వనపర్తిలో పెంటయ్య కొలిమి ముందు పడేసింది.

“పలగ్గొట్టు.”

“పటేల్‌కు తెల్సా అక్కా? రేపొచ్చి నా మీద పడితే?”

నాగేంద్రమ్మ అతని పక్కనున్న సుత్తి అందుకొని ఒక్కటి వేసింది. అడుగు పర్రున చిరిగింది. “అడిగితే నాగేంద్రమ్మనే కొట్టిందని చెప్పు,” అంది. అంచు మీద పేరున్న ముక్క మాత్రం కత్తిరించి ఇమ్మంది.

ఇంటికి వచ్చి ఆ ముక్క మొగుడి చేతిలో పెట్టింది. “ఇగో మీ అమ్మ పేరు. దేవుని గూట్ల పెట్టి మొక్కుకో. కాగు బతికున్నోళ్ళకు.” దశరథం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మూడో నాటికి పుష్పమ్మ జ్వరం దిగింది. పది రోజులకు కొత్త కాగు వచ్చింది. నాలుగు బిందెలకే నిండుతుంది. అంచు మీద ఎవరి పేరూ లేదు. ఆ పొద్దున ముందుగా పుష్పమ్మ, పసిపాప స్నానం చేశారు. తర్వాత నాగేంద్రమ్మ కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి వేడి వేడి నీళ్ళు తల మీంచి పోసుకుంటుంటే సంతోషం రాలేదు. ఇన్నేళ్ళు ఊరుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చి ఏడుపొచ్చింది.

బయటికి వచ్చేసరికి దశరథం తువ్వాలు భుజాన వేసుకొని, చెంబు పట్టుకొని నిలబడి ఉన్నాడు. కాగు అడుగున రెండు చెంబుల నీళ్ళున్నాయి. పక్కన నిండు బిందె ఉంది. ఆయన బిందె వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. ఆమె జుట్టు తుడుచుకుంటూ గడప మీద కూర్చుంది.

చెంబు కింద పెట్టి బిందె ఎత్తాడు. అలవాటు లేని చేతులు, సగం నీళ్ళు పొయ్యిలో ఒలికాయి.

“ఇంకో బిందె తే,” అంది నాగేంద్రమ్మ. “బాయి ఆడనే ఉంది.”