పెరటి చెప్పులు

తెల్లవారగానే తులసి కోయడం శ్రీరంజని పని. తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వట్టి కాళ్లతో పెరట్లోకి దిగాలి. పూజకు కోసే తులసి దగ్గరికి చెప్పులతో పోకూడదు. వానలు పడితే సెప్టిక్ ట్యాంకు మూత పక్కనుంచి నీళ్లు ఊరి తులసి పాదుల దాకా పారేవి. ఆ బురదలో దిగేది కోడలే గనక బాగుచేయించే తీరిక ఎవరికీ దొరకలేదు. మొగుడు రామానుజ మాత్రం బ్రష్షు నోట్లో పెట్టుకుని అదే పెరట్లో రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ తిరిగేవాడు. ఆచారం ఆయన పాదాల దాకా రాలేదు.

ఈ మధ్య ఆమెకు వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నిలబడితే ఆయాసం, కూర్చుంటే నిద్ర. పడుకుంటే నిద్ర రాదు, చేయని పనులు గుర్తొస్తాయి. "అలిపిరి నుంచి ముసలమ్మలు కొండెక్కతా ఉండారు, నీకు మేడమెట్లు బరువైనాయా?" అంటాడు రామానుజ. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగం, పొద్దున్నే కంపెనీ బస్సు. ఆ బస్సుకు ముందు టిఫిను, క్యారియరు, ఇస్త్రీ చొక్కా అన్నీ వాటంతటవే తయారవుతాయని ఆయన నమ్మకం.

ఆమె చేసేది యూనివర్సిటీలో నులిపురుగుల మీద పరిశోధన. పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు మూతల డబ్బాలిచ్చి, మర్నాడు మలం నమూనాలు తెచ్చి, మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు వెతుకుతుంది. ఉన్నవాళ్లకు మాత్రలు మింగిస్తుంది, మళ్లీ రాకుండా జాగ్రత్తలు చెబుతుంది. సాయంత్రం ఇంటికొస్తే పెరటి కొళాయి దగ్గర మళ్లీ స్నానం. "ఆ కంపు చేతులతో వంటింట్లోకి రావొద్దమ్మా" అంటుంది అత్త పెరుందేవి. వంటకు మాత్రం ఆ చేతులే కావాలి.

పోయిన ఆదివారం డాక్టరు రక్తం బాగా తగ్గిందన్నాడు. ఇంటికొచ్చి రామానుజ తేల్చేశాడు. "పురుగుల్లో పడి తిరిగితే పురుగులు పట్టవా? ఈ నెలతో మానేయ్. నా జీతం చాలు మనకు." ఆమె తలూపింది. ఆమెకు ఏడుపొచ్చింది తలూపినందుకు కాదు, ఆయన మాట నిజమేమోనని తనకే అనిపించినందుకు. ఇష్టపడి చేసిన పని ఇదొక్కటే, అదే తనను తినేస్తోందా?

తేల్చుకోవాలనిపించి ఒక డబ్బా తనకోసం తీసుకుంది. మైక్రోస్కోపులో కోలగా, పల్చటి పెంకుతో గుడ్లు కనిపించాయి. కొంకిపురుగు. పేగును కరిచి పట్టుకుని నెత్తురు తాగే రకం. రామానుజే గెలిచాడనుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది. కాసేపటికి, ఊరూరా తాను చెప్పే మాటే తన చెవిన పడింది. "అక్కా, వట్టి కాళ్లతో తడి మట్టిలోకి పోవద్దు, పురుగు అరికాలి నుంచే ఎక్కతాది." పల్లెలకు తాను బూట్లేసుకుని పోతుంది. వట్టి కాళ్లతో పోయేది ఎక్కడికి? వానల్లో కాలివేళ్ల సందున దురద పుడితే అత్త పసుపు రాయడం గుర్తొచ్చింది.

మర్నాడు తులసితో పాటు గుప్పెడు మట్టి కూడా తీసింది. ల్యాబులో దాన్ని గుడ్డలో మూటగట్టి గోరువెచ్చటి నీళ్లలో వేలాడదీసింది. ఆ మర్నాటికి అడుగున దిగిన పురుగు పిల్లలు మైక్రోస్కోపు కింద నూలుపోగుల్లా మెలికలు తిరుగుతున్నాయి. ప్రొఫెసరు అమల మేడం వంగి చూసి, "ఏ ఊరి మట్టి అమ్మా ఇది?" అంది.

"మా ఇంటిదే మేడం."

బస్సులో ఇంటికొచ్చేదాకా ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది. కోపం, పట్టరాని కోపం. మధ్యలో అత్త చేతులు గుర్తొచ్చాయి. పాలిపోయిన గోళ్లు. మధ్యాహ్నమైతే నడుం వాల్చే ఆమెను మామగారు బతికున్నన్నాళ్లూ బద్ధకస్తురాలనేవారట. పెళ్లయి వచ్చిన నాటినుంచి, కోడలు వచ్చేదాకా, ఆ తులసి కోసింది ఆమే.

రామానుజ పెరటి మెట్ల మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. వెనక గడపలో అత్త మల్లెలు కడుతోంది. శ్రీరంజని ఉన్నదున్నట్టు చెప్పింది.

"పూజలు జరిగే ఇంట్లోనా? అదంతా నువ్వు తెచ్చిపెట్టిందే" అన్నాడు.

"నేను ఆ ఊళ్లకు బూట్లతో పోతాను. వట్టి కాళ్లతో పోయేది ట్యాంకు నీళ్లు పారే మన తులసి దగ్గరికే." చేతిసంచీ మెట్టు మీద పెట్టింది. "మానేయమన్నారు కదా, మానేస్తున్నా. రేపట్నుంచి తులసి మీరు కోయండి. చెప్పులిడిచి."

రామానుజ పెరట్లోకి చూశాడు. తర్వాత తన కాళ్లకున్న రబ్బరు చెప్పులకేసి చూసుకున్నాడు.

"అమ్మా, చూడు నీ కోడలు" అన్నాడు గడపకేసి తిరిగి.

పెరుందేవి పూలు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, తన పగిలిన పాదాలను చాలాసేపు చూసుకుంది.

"ఆ డబ్బాలు పల్లెవాళ్లకేనా అమ్మాయ్," అంది, "నాకూ ఒకటి ఇస్తావా?"